పాత ఇంజిన్, తనంతట తాను మారే గేరు



మా మేనల్లుడొకడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. వారమంతా కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు కారు కింద. అతని దగ్గర 1987 నాటి షెవర్లే కమారో ఉంది. రెండు తలుపుల కారు, పొడుగాటి మూతి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఇంజిన్ బోరుకొచ్చి నీలం పొగ కక్కుతుంటే విప్పి పక్కన పెట్టాడు. దాని బదులు క్లచ్చు తొక్కి నడిపే 1970ల తొలినాళ్ల పికప్ ట్రక్కులోంచి తీసిన ఇంజిన్ ఒకటి కొనుక్కొచ్చాడు. రెండూ షెవర్లేవే. రెండూ ‘వీ’ ఆకారంలో ఎనిమిది సిలిండర్లవే. పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

ఒకరోజు ఫోన్ చేశాడు. “మామయ్యా, గేర్‌బాక్స్ బోల్టులన్నీ చక్కగా కూర్చుంటున్నాయి. మధ్యలో ప్లేటు మాత్రం పట్టట్లేదు. కొత్త రంధ్రాలు వేయించేస్తే సరిపోతుందా?” అన్నాడు.

“వేయించకురా, ఆగు” అన్నాను.

ఎందుకు ఆగమన్నానో రేడియోలో చెప్పదగ్గ సంగతే అనిపించింది. ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఒకడికి చెప్పిన పాఠం పదిమందికి చెప్పకుండా ఉండలేను.

ముందు మామూలు కారు చూద్దాం. క్లచ్చు తొక్కి గేరు వేసే కారులో ఇంజిన్ వెనక బరువైన ఇనప చక్రం ఉంటుంది, ఫ్లైవీల్. దానికి క్లచ్చు పళ్లెం అతుక్కుని తిరుగుతుంది. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజిన్ చెప్పదు, గేర్‌బాక్స్ అడగదు. డ్రైవరు చెవికి ఇంజిన్ మూలుగు వినిపిస్తుంది, కుడికాలికి యాక్సిలరేటర్ బరువు తెలుస్తుంది, ఎడమకాలు క్లచ్చు మీదికి పోతుంది, చెయ్యి గేరు రాడ్డు మీదికి పోతుంది. అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య వార్తాహరుడు మనిషే. అందుకే అలాంటి గేర్‌బాక్స్‌ని ఏ ఇంజిన్‌కి తగిలించినా, ఇనుముకి ఇనుము కలిస్తే చాలావరకు పని అయిపోయినట్టే.

ఆటోమేటిక్‌లో ఆ మనిషిని తీసేశాం. అతను చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. గేరు మార్చాలంటే ఆ పెట్టెకి రెండు కబుర్లు కావాలి. బండి ఎంత వేగంగా పోతోంది? డ్రైవరు ఎంత గట్టిగా తొక్కుతున్నాడు? మొదటిది దానికి సొంతంగానే తెలుస్తుంది. వెనక్కి పోయే షాఫ్టు మీద చిన్న బరువులతో గవర్నర్ అనే పరికరం ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుంటాయి, ఆ మేరకు నూనె ఒత్తిడి పెరుగుతుంది. రెండో కబురు మాత్రం ఇంజిన్ దగ్గర్నుంచే రావాలి. ఈ రెండు ఒత్తిళ్లూ ఒక చిన్న వాల్వుకి అటొకటి ఇటొకటి నిలబడి నెట్టుకుంటాయి. వేగం నెగ్గితే పై గేరు. కాలు నెగ్గితే కింది గేరు. పాతకాలపు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బుర్రంతా ఇంతే. కంప్యూటర్ లేదు, కరెంటు లేదు, ఒట్టి నూనెతో లెక్క కట్టే యంత్రం. దాని వాల్వు బాడీని విప్పి చూసినవాళ్లకి తెలుస్తుంది, చీమలపుట్టలో దారుల్లా ఎన్ని మలుపులుంటాయో.

కాబట్టి పాత ఇంజిన్‌కి ఆటోమేటిక్ బిగించేటప్పుడు చూడాల్సిన కలయికలు రెండు. ఒకటి ఇనుముది, రెండోది కబురుది. మెకానిక్ షెడ్డులో అందరి కళ్లూ మొదటి దాని మీదే ఉంటాయి, గేర్‌బాక్స్‌లు ఎక్కువగా కాలిపోయేదేమో రెండోదాని వల్ల.

ఇనుము సంగతి చూద్దాం. షెవర్లే కంపెనీ 1955లో ఒక వీ-8 ఇంజిన్ తెచ్చింది. ఎడ్ కోల్ అప్పట్లో ఆ కంపెనీ చీఫ్ ఇంజినీర్. మొదటిది 265 ఘనపుటంగుళాలు, మన లెక్కలో 4.3 లీటర్లు. దాన్నే స్మాల్ బ్లాక్ అన్నారు. తర్వాత అది పెరుగుతూ పోయింది. 1967లో 350 ఘనపుటంగుళాలది, 1970లో 400ది, 1976లో 305ది. 2011 నాటికి ఆ వంశంలో పదికోట్లవ ఇంజిన్ తయారైందని జనరల్ మోటార్స్ పండగ చేసుకుంది. ఇంత కాలంలో గేర్‌బాక్స్ కూర్చునే వెనక ముఖం మీద బోల్టుల అమరిక మాత్రం 1955 నుంచి 1990ల దాకా దాదాపు అలాగే ఉంచారు. అందుకే మావాడికి బోల్టులన్నీ కలిశాయి. అందుకే మోసపోయాడు కూడా.

మార్పు లోపల జరిగింది. క్రాంక్ షాఫ్టు వెనక కొసన ఇంజిన్ ఆయిలు బయటికి కారకుండా ఒక సీలు ఉంటుంది. పాత ఇంజిన్లలో అది రెండు సగాలుగా ఉండేది. రెండు ముక్కలు కలిసే చోట ఆయిలు ఊరేది. ఆ రోజుల్లో అమెరికన్ కారు నిలబెట్టిన చోట నేల మీద నల్లటి మచ్చ లేకపోతే ఇంజిన్‌లో ఆయిలుందా అని అనుమానపడేవారట. 1986 మోడల్ నుంచి ఒకే వలయంగా ఉండే సీలు పెట్టారు. వలయం ఎక్కాలంటే క్రాంకు తోక గుండ్రంగా ఉండాలి. దాంతో తోక ఆకారం మార్చారు. ఇంజిన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌కి అందించే ప్లేటుని ఈ తోకకే బిగిస్తారు, ఆ బోల్టుల వలయం వ్యాసం పాతదానిలో 3.58 అంగుళాలు, కొత్తదానిలో 3 అంగుళాలు. మావాడి చేతిలో 1987 నాటి ప్లేటు, ముందర 1970ల నాటి క్రాంకు. అర అంగుళం పైచిలుకు తేడా.

రంధ్రాలు వేయించేస్తే ఏం? ఇక్కడే అసలు కిటుకు. పాత క్రాంకు తోకలో ఒక పక్కన అదనపు ఇనుము ఉండేది, తూకం కోసం. గుండ్రటి తోకలో ఆ ఇనుముకి చోటు లేదు. అందుకని ఆ బరువుని తీసుకెళ్లి ప్లేటు మీద పెట్టారు. 1986 తర్వాతి ప్లేటు ఒక పక్క బరువుగా ఉంటుంది, అది ఉండవలసిన తీరే. దాన్ని పాత క్రాంకుకి తగిలిస్తే ఇనుము రెండుసార్లు లెక్కకొస్తుంది. నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరిగే చోట తూకం తప్పితే సీట్లో కూర్చున్నవాడికి వణుకుగా తెలుస్తుంది, ఇంజిన్ వెనక బేరింగుకి చావుగా తెలుస్తుంది. లేత్ మెషిన్ దగ్గర కూర్చుని ఎంత ముచ్చటగా రంధ్రాలు వేసినా ఇది తీరదు. పాత క్రాంకుకి పాత ప్లేటే కావాలి. అమెరికాలో అది దొరకని వస్తువేం కాదు, ఖరీదూ పెద్దది కాదు.

ఒక్క మినహాయింపు. పాత ఇంజిన్లలోనూ 400ది మాత్రం బయటి బరువుతో తూకం వేసినదే. దానికి వేరే ప్లేటు. పైకి చూస్తే 350కీ 400కీ తేడా తెలియదు. అమ్మినవాడు “350 సార్” అన్నాడని నమ్మకూడదు. బ్లాకు వెనక, గేర్‌బాక్స్ ముఖం దగ్గర, డ్రైవరు వైపున పోతపోసిన అంకెలుంటాయి. గ్రీజు తుడిచి, టార్చి వేసి చదువుకోవాలి. నిజం చెప్పేది ఆ అంకెలొక్కటే.

ఈ ప్లేటుని ఫ్లెక్స్ ప్లేటు అంటారు. ఫ్లైవీల్ లాగా బరువైన చక్రం కాదిది, పల్చటి ఉక్కు రేకు. కొంచెం వంగుతుంది, వంగాలి కూడా. దాని అంచున పళ్లుంటాయి, సెల్ఫ్ మోటారు తిప్పేది ఆ పళ్లనే. షెవర్లే వాళ్లు రెండు సైజులు వాడారు, 153 పళ్లది, 168 పళ్లది. చిన్న ప్లేటుకి ఒక రకం సెల్ఫ్ మోటారు, దాని బోల్టులు రెండూ వరసగా ఉంటాయి. పెద్ద ప్లేటుకి ఇంకో రకం, దాని బోల్టులు ఏటవాలుగా ఉంటాయి. ట్రక్కు ఇంజిన్లలో పెద్దదే ఎక్కువ. ప్లేటు ఒకటి, సెల్ఫ్ ఇంకొకటి తెచ్చుకున్నవాడు తాళం తిప్పితే కర్ర్‌మని పళ్లు గీసుకునే చప్పుడొస్తుంది. ఈ రెండూ జంటగా కొనడం మేలు.

ఇక టార్క్ కన్వర్టర్. ఇదే ఆటోమేటిక్‌కి క్లచ్చు బదులు. నడుస్తున్న టేబుల్ ఫ్యాన్‌కి ఎదురుగా ప్లగ్గు పెట్టని ఇంకో ఫ్యాన్ పెడితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, గాలికి బదులు నూనె, బయట డబ్బాలా మూసేసిన ఉక్కు తొడుగు. ఇంజిన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, నూనె వెళ్లి రెండో చక్రాన్ని తిప్పుతుంది. రెంటి మధ్యా స్టేటర్ అని మూడోది ఒకటుంది. వెనక్కి వచ్చే నూనెను దారి మళ్లించి మళ్లీ తోడ్పడేలా చేసేది అదే. బండి కదిలే క్షణంలో ఇంజిన్ లాగుడు బలం రెండింతల దాకా పెరగడం ఈ స్టేటర్ పుణ్యమే. అందుకే ఆటోమేటిక్ బండి ఎత్తు మీద ఆగినా జంకకుండా కదులుతుంది.

ఈ డబ్బా ముందు భాగంలో చిన్న బుడిపె ఉంటుంది. అది క్రాంకు తోకలోని గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది, డబ్బా నడిమధ్యన తిరగడానికి. మావాడి పాత ఇంజిన్ క్లచ్చు ట్రక్కులోంచి వచ్చింది కదా, ఆ గుంట దగ్గర ఇత్తడి రంగు బుష్ ఒకటి బిగించి ఉంటుంది, పాత గేర్‌బాక్స్ షాఫ్టు కొస నిలవడానికి. అది పొడుచుకొచ్చి బుడిపెకి అడ్డొస్తుంటే ముందు దాన్ని తియ్యాలి. పట్టుకుని లాగడానికి అంచు ఉండదు. అమెరికన్ మెకానిక్కులు చేసే పని వింటే మీకు నవ్వొస్తుంది. బుష్ రంధ్రంలో గ్రీజు కూరి, సరిగ్గా పట్టే కడ్డీ ఒకటి పెట్టి సుత్తితో కొడతారు. గ్రీజు వెనక నుంచి నెట్టి బుష్‌ని బయటికి తోసేస్తుంది. గ్రీజు లేకపోతే తడిపిన బ్రెడ్డు ముక్కలు కూరుతారు. నవ్వులాటకి చెప్పట్లేదు, బ్రెడ్డు బాగా పనిచేస్తుంది, పైగా తుడుచుకోవడం తేలిక. మన షెడ్డులో అయితే నిన్నటి ఇడ్లీ చాలు అనేవాడు మా ల్యాబ్ అటెండరు. ఆ ప్రయోగం మేం చెయ్యలేదు.

ఇంజిన్ వెనక ముఖం మీద రెండు లావుపాటి పిన్నులుంటాయి, డోవెల్స్. గేర్‌బాక్స్‌ని నడిమధ్యకి తెచ్చి నిలబెట్టేవి అవే, బోల్టులు కావు. బోల్టులు పట్టి ఉంచుతాయంతే. పాత ఇంజిన్ విప్పినప్పుడు ఈ పిన్నులు ఊడి పోతుంటాయి, “బోల్టులున్నాయిగా” అని వదిలేస్తుంటారు. కొంతకాలానికి గేర్‌బాక్స్ ముందు సీలు నుంచి నూనె కారుతుంది. సీలు మారుస్తారు, మళ్లీ కారుతుంది, మళ్లీ మారుస్తారు. పిన్ను పెట్టి ఉంటే ఆ తంటా ఉండేది కాదు.

తర్వాతి మెట్టు దగ్గర తొందరపడిన వాళ్లందరూ ఒకే రకంగా దెబ్బతింటారు. కన్వర్టర్‌ని ముందుగా గేర్‌బాక్స్‌లోకి నెట్టి కూర్చోబెట్టాలి. చేత్తో తిప్పుతూ నెడుతుంటే ‘టక్’ మని ఒకచోట దిగుతుంది. అయిపోయిందనుకుంటారు. కాలేదు. లోపల దానికి మూడు చోట్ల పొత్తు కుదరాలి. లోపలి షాఫ్టు గాళ్లు, స్టేటర్ గాళ్లు, చివరగా నూనె పంపు కొమ్ములు. మూడోది దిగకుండానే గేర్‌బాక్స్‌ని ఎత్తి ఇంజిన్‌కి ఆనిస్తే కొంచెం సందు మిగులుతుంది. “బోల్టులు బిగిస్తే అదే లాక్కుంటుందిలే” అని పానా పట్టుకుంటారు. లాక్కుంటుంది, పంపుని విరుచుకుని మరీ లాక్కుంటుంది. ఇంజిన్ మొదటిసారి స్టార్టు చేసిన అర నిమిషంలోనే గేర్‌బాక్స్ మళ్లీ కిందికి దించాల్సిన పని పడుతుంది. సరిగ్గా కూర్చుంటే గేర్‌బాక్స్ ముఖం ఇంజిన్ ముఖానికి చేతి బలంతోనే ఆనాలి. ఆనాక కూడా కన్వర్టర్ స్వేచ్ఛగా తిరుగుతుండాలి, దానికీ ప్లేటుకీ మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఆ ఎడాన్ని చూసుకున్నాకే కన్వర్టర్‌ని ముందుకు లాగి ప్లేటుకి బిగించాలి. వేడెక్కినప్పుడు, ఒత్తిడి పెరిగినప్పుడు ఈ డబ్బా కొంచెం ఉబ్బుతుంది. ప్లేటుని పల్చటి రేకుతో చేసింది దీనికోసమే.

గేర్‌బాక్స్ మారుస్తున్నవాళ్లకి ఇంకో చిక్కుంది. మావాడి కారులో ఉన్నది 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్, 1982లో వచ్చింది. తొలి మూడేళ్లలో తయారైన వాటి లోపలి షాఫ్టుకి 27 గాళ్లు, 1985 నుంచి 30 గాళ్లు. పాత కన్వర్టర్ కొత్తదానికి ఎక్కదు. అంతకుముందు ఎక్కువగా వాడిన టర్బో 350 అనే గేర్‌బాక్స్ కంటే ఇది పొడుగు, కింద ఆనించే అడ్డకమ్మిని రెండంగుళాలు వెనక్కి జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కొలతలు చూసుకోవాలి. మావాడి కారు పుట్టుకతోనే 700ఆర్4ది కనుక ఈ బాధ తప్పింది.

ఇలా ఒక ఇంజిన్‌కి అలవాటు లేని ఆటోమేటిక్‌ని తగిలించడం ఏదో సరదా మెకానిక్కులు కనిపెట్టిన పని అనుకోకండి. ఒకసారి జనరల్ మోటార్స్ కంపెనీయే గత్యంతరం లేక ఆ పని చేసింది. పెద్దఎత్తున కార్లలో పెట్టి అమ్మిన మొదటి ఆటోమేటిక్ వాళ్ల హైడ్రా-మేటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో స్టువర్ట్ ట్యాంకులకు కూడా అమర్చారు. ఆ గేర్‌బాక్స్‌లు తయారయ్యే కార్ఖానా డెట్రాయిట్ పక్కన లివోనియాలో ఉండేది. 1953 ఆగస్టు 12న అక్కడ పని చేస్తుండగా నిప్పురవ్వ పడి మంటలు లేచాయి. అంత పెద్ద కార్ఖానా కొన్ని గంటల్లో బూడిదైంది. కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ ఇంజిన్లు వరసగా తయారై వస్తున్నాయి, వాటి వెనక బిగించడానికి గేర్‌బాక్స్ లేదు. చివరికి కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకి బ్యూక్ వాళ్ల డైనాఫ్లో పెట్టారు, పాంటియాక్‌కి షెవర్లే వాళ్ల రెండు గేర్ల పవర్‌గ్లైడ్ పెట్టారు. ఒకే యజమాని కింద ఉన్నా ఎవరి ఇంజిన్ వెనక ముఖం వాళ్లదే కాబట్టి ఇంజినీర్లు రాత్రింబవళ్లు కూర్చుని పొత్తు కుదిర్చారు. హైడ్రా-మేటిక్ తయారీని విల్లో రన్ అనే చోటికి మార్చి కొన్ని వారాల్లోనే మళ్లీ మొదలుపెట్టారు. యుద్ధంలో ఫోర్డ్ వాళ్లు బాంబర్ విమానాలు కట్టిన షెడ్డు అది. ఈ రోజు లివోనియా చుట్టుపక్కల నోవై, కాంటన్ లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు బోలెడు. అక్కడ కార్ల కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్లో ఈ కథ తెలిసినవాళ్లు ఎంతమందో మరి.

ఇప్పుడు రెండో కలయిక, కబురు సంగతి.

700ఆర్4కి ఇంజిన్ కబురు ఒక తీగ ద్వారా అందుతుంది. కార్బురేటర్ లివరు నుంచి గేర్‌బాక్స్ లోపలి దాకా పోయే ఉక్కు కేబులు అది. చూడటానికి యాక్సిలరేటర్ తీగలాగే ఉంటుంది. చాలామంది దీన్ని గట్టిగా తొక్కినప్పుడు గేరు దింపే తీగ అనుకుంటారు, లేకపోయినా బండి నడుస్తుందిలే అనుకుంటారు. నడుస్తుంది, కొద్ది మైళ్లు. ఎందుకంటే ఈ తీగ గేరు ఎప్పుడు మారాలో చెప్పడమే కాదు, లోపలి క్లచ్చుల్ని ఎంత గట్టిగా నొక్కి పట్టాలో కూడా చెబుతుంది. ఇంజిన్ బలమంతా వస్తున్నప్పుడు నూనె ఒత్తిడి తక్కువగా ఉంటే క్లచ్చు పళ్లేలు జారతాయి, జారితే కాలతాయి. డ్రైవరుకి ఏమీ తెలియదు, గేర్లు మెత్తగా మారుతున్నాయని మురిసిపోతుంటాడు. ఆ మెత్తదనమే కాలిపోవడానికి గుర్తు.

మావాడి విషయంలో ఈ తీగ ఎక్కడ తగులుకుందో చూడండి. 1987లో షెవర్లే వాళ్లు సిలిండర్ హెడ్ల మీద మధ్య బోల్టుల కోణం మార్చారు. దాంతో కమారోలోని ఇన్‌టేక్ మానిఫోల్డు పాత హెడ్ల మీద కూర్చోదు. అది కూర్చోకపోతే దాని మీది కార్బురేటర్ కూడా రాదు. వచ్చినా లాభం లేదు, అది కంప్యూటర్ చెప్పినట్టు నడిచే కార్బురేటర్, పాత ఇంజిన్‌కి ఆ సెన్సార్లు లేవు. కాబట్టి పాత మానిఫోల్డు, పాత కార్బురేటర్ వాడక తప్పదు. ఆ కార్బురేటర్ పుట్టిన రోజుల్లో 700ఆర్4 లేదు. దాని లివరు మీద ఈ తీగకి కొక్కెం లేదు. ఎక్కడో ఒకచోట రంధ్రం వేసి తగిలిస్తే తీగ లాగుతుంది కానీ సరైన కొలతలో లాగదు. కాలు సగం నొక్కితే తీగ పావు వంతు కదలొచ్చు. ఆ తేడాకి గేర్‌బాక్స్ బలి. అందుకని ఆ కొలత సరిచేసే బ్రాకెట్టు ప్రత్యేకంగా అమ్ముతారు. అదే కొనమన్నాను. బిగించాక యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి, తీగ కూడా చివరి దాకా వచ్చిందో లేదో కళ్లతో చూసుకోవాలి. ఒకరు కారులో కూర్చోవాలి, ఒకరు బానెట్ దగ్గర నిలబడాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి చెయ్యగలిగిన మెకానిక్ పని ఇదొక్కటే అంటాను నేను, మా ఇంట్లో ఒప్పుకోరు.

అంతకు ముందుతరం టర్బో 350 దగ్గరికొస్తే కబురు ఇంకో దారిన పోతుంది. ఇంజిన్ గాలి పీల్చుకునే చోట, కాలు తీసేసినప్పుడు వాక్యూమ్ ఎక్కువ, తొక్కినప్పుడు తక్కువ. ఒక సన్నటి గొట్టం ఆ వాక్యూమ్‌ని గేర్‌బాక్స్ మీది చిన్న డబ్బాకి తీసుకెళుతుంది. అందులో రబ్బరు పొర ఉంటుంది, అది వంగే తీరుని బట్టి నూనె ఒత్తిడి మారుతుంది. 1969 నుంచి ఎన్నో కార్లలో ఇది నమ్మకంగా పనిచేసింది. కార్బురేటర్ ఏదైనా దీనికి పేచీ లేదు, వాక్యూమ్ ఉంటే చాలు. పాత ఇంజిన్‌కి ఏ ఆటోమేటిక్ మేలు అని ఎవరైనా అడిగితే నా ఓటు దీనికే. మూడే గేర్లు, ఓవర్‌డ్రైవ్ లేదు, హైవే మీద ఇంజిన్ కొంచెం రొద చేస్తుంది, పెట్రోలు ఇంకొంచెం తాగుతుంది. అయినా సరే. ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ రబ్బరు పొర చిరిగితే ఇంజిన్ గేర్‌బాక్స్ నూనెను పీల్చి తాగేస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, గేర్‌బాక్స్‌లో నూనె తరుగు, కింద చూస్తే చుక్క కారదు. ఇంజిన్ పోయిందనుకుని మళ్లీ ఇంజిన్ విప్పినవాళ్లు ఉన్నారు. అసలు విప్పాల్సింది ఆ చిన్న డబ్బాని.

700ఆర్4 తర్వాత 1993 నుంచి వచ్చిన 4ఎల్60ఈ అనే దాని తమ్ముడికి తీగా లేదు, వాక్యూమ్ గొట్టమూ లేదు. అంతా కరెంటు కబుర్లే. దాన్ని పాత కార్బురేటర్ ఇంజిన్‌కి పెట్టాలంటే విడిగా కంప్యూటర్ కొనాలి, కార్బురేటర్ లివరుకి సెన్సార్ బిగించాలి. చెయ్యొచ్చు, చేసేవాళ్లూ ఉన్నారు. డబ్బు తక్కువవుతుందని ఆ దారి పట్టినవాడికి మాత్రం లెక్క తప్పుతుంది.

700ఆర్4లో ఇంకో ముడి ఉంది. హైవే మీద కన్వర్టర్ నూనెలో జారకుండా లోపల ఒక క్లచ్చు పట్టుకుంటుంది, లాకప్ అంటారు. దాన్ని పట్టించేది కారు కంప్యూటర్. పాత ఇంజిన్ పెట్టాక ఆ కంప్యూటర్‌కి ఏమీ కనిపించదు, కాబట్టి లాకప్ పట్టదు. పట్టకపోతే నాలుగో గేరులో నూనె వేడెక్కుతూనే ఉంటుంది. ఆటోమేటిక్‌లకి వేడిని మించిన శత్రువు లేదు. బ్రేకు స్విచ్చి గుండా, ఒక వాక్యూమ్ స్విచ్చి గుండా వైరు లాగి ఈ పని సాధించవచ్చు. పార్కులో, న్యూట్రల్‌లో తప్ప సెల్ఫ్ తిరగకుండా కాపాడే స్విచ్చి పని కూడా అప్పుడే చూసుకోవాలి. అది తప్పితే తాళం తిప్పగానే బండి గోడలోకి పోతుంది.

ఇవన్నీ చెప్పాక మావాడిని ఒక మాట అడిగాను. “చట్టం చూశావా?” అని. చూడలేదన్నాడు. అమెరికాలో పర్యావరణ సంస్థ నియమం ప్రకారం కారులో మార్చి పెట్టే ఇంజిన్ కారు వయసుదో, అంతకంటే కొత్తదో అయ్యుండాలి. కొత్త ఇంజిన్‌ని పాత కారులో పెట్టొచ్చు, పాత ఇంజిన్‌ని కొత్త కారులో పెట్టకూడదు. పొగ నియమాలు ఏటేటా బిగుస్తూ వచ్చాయి కనుక, పాత ఇంజిన్ పెట్టడమంటే వెనక్కి పోవడమని వాళ్ల లెక్క. కాలిఫోర్నియాలో 1975 వరకు ఉన్న కార్లకి పొగ పరీక్ష మినహాయింపు, 1976 నుంచి పరీక్ష ఉంది. అక్కడ ఈ కమారో పరీక్షలో నిలవదు. మిషిగన్‌లో కార్లకి అలాంటి పరీక్ష లేదు కాబట్టి ఎవరూ ఆపరు, కానీ అడిగేవాళ్లు లేకపోవడం, తప్పు కాకపోవడం ఒకటి కావు. ఈ ప్రశ్న ఇంజిన్ కొనకముందే వేసుకోవాల్సింది. నా అభిప్రాయం అడిగితే 1987 తర్వాతి 350 ఇంజిన్ వెతుక్కుని ఉంటే ప్లేటు, మానిఫోల్డు, కార్బురేటర్, లాకప్, చట్టం, అన్నీ ఒక్క దెబ్బతో తీరేవి. ఆ మాటా చెప్పాను. అప్పటికే ట్రక్కు ఇంజిన్‌కి రంగు వేసేశాడు.

మన దగ్గర ఈ గొడవ తక్కువ. మనకి ఆటోమేటిక్ అంటే చాలామందికి 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీయే గుర్తొస్తుంది. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చు తొక్కే పని, గేరు మార్చే పని చిన్న యంత్రాలు చేస్తాయి. అందులో టార్క్ కన్వర్టర్ లేదు. పాత కారుకి అలాంటివి తగిలిస్తామని ఎవరైనా వస్తే ముందు ఆర్‌సీ పుస్తకం తీసి చూసుకోండి. అందులో ఇంజిన్ నంబరు ఉంటుంది. ఇంజిన్ మార్చినా, బండి స్వరూపం మార్చినా ఆర్‌టీవో ఆఫీసుకి చెప్పాల్సిందే. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది ఆ నంబరే.

అన్నీ బిగించాక నూనె పోయడం. విప్పి ఆరిన గేర్‌బాక్స్‌కి కన్వర్టర్‌తో కలిపి పది లీటర్ల దాకా పడుతుంది, ఒకేసారి పోస్తే పొంగి పోతుంది. నాలుగు లీటర్లు పోసి ఇంజిన్ స్టార్టు చేసి, పంపు నూనె లాగుతుంటే మిగతాది కొంచెం కొంచెంగా పొయ్యాలి. రేడియేటర్‌లో గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే గొట్టాల్ని ముందే కడిగి ఉంచాలి. పాత గేర్‌బాక్స్ కాలిపోయి ఉంటే దాని మసి ఆ గొట్టాల్లో దాక్కుని కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది. తర్వాత బ్రేకు మీద కాలు పెట్టి, గేరు లివరుని ఒక్కో స్థానంలో కాసేపు నిలిపి, మళ్లీ పార్కులోకి తేవాలి. ట్రక్కులో క్లచ్చుతో నడిచిన ఇంజిన్ కనుక డ్రైవ్‌లో వెయ్యగానే దాని ఊపిరి తగ్గిపోయి ఆగిపోవచ్చు. ఐడ్లింగ్ వేగాన్ని డ్రైవ్‌లో ఉంచే సరిచెయ్యాలి. ఆ పని చేసేటప్పుడు చక్రాల కింద ఇటుకలు, బ్రేకు మీద నమ్మకస్తుడి కాలు ఉండాలి.

నూనె కొలిచే పుల్ల ఇంజిన్ ఆయిల్ పుల్లలా ఇంజిన్ ఆపి చూసేది కాదు. ఈ గేర్‌బాక్స్‌లకి ఇంజిన్ వేడెక్కాక, నడుస్తుండగానే, పార్కులో పెట్టి చూడాలి. నూనె ఎర్రగా, వాసన లేకుండా ఉంటే మంచిది. గోధుమరంగుకి తిరిగి, మాడిన వాసన వస్తుంటే మొదట చూడాల్సింది కార్బురేటర్ దగ్గరి ఆ తీగని.